ఎర్ర నేలలో పొడి వరి ఆకుమడి (నారుమడి) తెల్లబడుతోంది, గట్టు మీద గోగు మాత్రం పచ్చగా ఉంది. ఎందుకు?

పొడిమడి (ప్రశ్న)

చీపురుపల్లి వైపు, ఎర్ర ఇసుక గరప నేల. ఎకరం ఉభాలకు (నాట్లకు) సరిపడా 5 సెంట్ల ఆకుమడి, పొడి దుక్కిలో విత్తినది. రకం ఎం.టి.యు. 1001. ఆకు (నారు) వయసు ఇవాళ్టికి 17 రోజులు.

వేసినవి: ఆఖరి దుక్కిలో డీఏపీ 5 కిలోలు, పొటాష్ 2 కిలోలు, పొయ్యి బూడిద రెండు తట్టలు. 12వ రోజు యూరియా 2 కిలోలు. మృగశిరలో రెండు వానలు పడి ఆగిపోయాయి. అప్పటి నుంచి మూడు రోజులకోసారి బోరు తడి, నీరు నిలవ కట్టడం లేదు. ఆ నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది.

10వ రోజుకి కొత్త ఆకు పసుపు తిరిగింది. ఇప్పుడు సుడి ఆకు కాగితంలా తెల్లగా ఉంది, కింది ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. మడి మిట్టగా ఉన్న వైపు ఎక్కువ. నీరు పారే బోదె అంచున జానెడు మేర మాత్రం పచ్చగా ఉంది.

షాపులో జింకు అన్నారు. మరొకరు ఇనుపధాతు లోపం అన్నారు. ఎర్ర నేల ఎరుపే ఇనుము వల్ల కదా, ఇక్కడ ఇనుము కరువేమిటి? అదే గట్టు మీద, అదే నీటితో గోగు నవనవలాడుతోంది. ఆకు పీకి చూస్తే వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంటే ఇనుము వేరు దాకా వచ్చి పైకి ఎక్కడం లేదా? ఆకుతీతకు పది రోజులే ఉంది. ఏం చేయాలో, అది ఎందుకు పనిచేస్తుందో రెండూ చెప్పండి.

మిట్టపొలం

జింకు కాదండి. జింకు లోపం ముందు ముదురు ఆకుల్లో కనిపిస్తుంది. పైనుంచి మూడో నాలుగో ఆకులో నడి ఈనె మొదట్లో పాలిపోయి తుప్పు రంగు మచ్చలు వస్తాయి. నత్రజని తగ్గితే అడుగు ఆకు మొత్తం పసుపు. గంధకం తగ్గినా లేత ఆకే మారుతుంది గానీ పసుపు దగ్గర ఆగుతుంది, ఇలా కాగితం తెలుపు దాకా పోదు. సుడి తెలుపు, అడుగు పచ్చ అంటే ఇనుపధాతే.

మీకున్న రోజులు తక్కువ కాబట్టి పరీక్షల కోసం ఆగకుండా ఈ సాయంత్రమే పిచికారీ చేయండి. 10 లీటర్ల నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు) 200 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 20 గ్రాములు. 5 సెంట్లకు ఈ 10 లీటర్లు చాలు. 16 లీటర్ల ట్యాంకు నింపేలా అయితే 320 గ్రాములు, 32 గ్రాములు. నాలుగైదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు కొట్టాలి. వరి ఆకు మీద నీటి బొట్టు జారిపోతుంది, లీటరుకు అర మి.లీ. జిగురు మందు కలిపితే నిలుస్తుంది.

కలిపే వరస ముఖ్యం. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు పోసి ముందు నిమ్మ ఉప్పు కరిగించండి, తరవాతే అన్నభేది. మీ బోరు నీరు గిన్నెకు పొర కట్టే రకం. అందులో అన్నభేది నేరుగా వేస్తే కాసేపటికే టీ రంగు తిరిగి అడుగున గోధుమ రంగు మడ్డి దిగుతుంది. ఆ మడ్డి తుప్పే, మళ్ళీ మొక్కకు పనికిరాని సరుకు. నాజిల్ కూడా మూసుకుపోతుంది. వాన నీరో చెరువు నీరో దొరికితే మంచిది. కొనేటప్పుడు లేత ఆకుపచ్చ పలుకులు చూసి కొనండి. పసుపు, గోధుమ పొడి పట్టినది పాతబడి గాలికి మారిపోయిన సరుకు. గుడ్డలో వడకట్టి, కలిపిన పూటే వాడేయాలి. డీఏపీ ద్రావణంతో గానీ భాస్వరం ఉన్న ఏ ఎరువుతో గానీ ఒకే ట్యాంకులో కలపకండి, ఇనుము గడ్డకట్టి దిగిపోతుంది.

ఎండలో కొడితే ఇంత చిక్కటి ద్రావణానికి లేత ఆకు కొసలు మాడతాయి. పొద్దు వాలాక కొడితే ఆకు ఎక్కువసేపు తడిగా ఉండి లోపలికి ఇంకుతుంది. ఇదే మోతాదు వేరుశనగకు పట్టుకుపోకండి సుమా, దానికి లీటరుకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పే.

మడిలో ఒక మూల గజం మేర కొట్టకుండా వదిలేయండి. నాలుగైదు రోజులకు కొత్త ఆకులో తేడా కనిపిస్తే రోగం తేలిపోయినట్టే.

గట్టుమీద

ఎర్ర నేలలో ఇనుము లోపమేటండీ, ఎక్కడైనా ఉందా? ఒగ్గేయండి. ఒక్క మంచి వాన పడితే అదే పచ్చబడిపోద్ది. అన్నభేది డబ్బులు దండగ.

వేరుతంతు

గట్టుమీద గారు సగం సరిగ్గా చెప్పారు. వాన పడి నీరు నిలిస్తే నిజంగానే పచ్చబడుతుంది. కానీ అందుకు కారణమే ఇక్కడి అసలు విషయం. మట్టిలో ఇనుము ఉండటం వేరు, మొక్కకు అందడం వేరు.

ఎర్ర మట్టిలో ఇనుము దాదాపు అంతా ఫెర్రిక్ ఆక్సైడు, అంటే తుప్పు. నీటిలో కరగదు. ఉదజని సూచిక (పీహెచ్, పులుపు-క్షారాల కొలత) ఒక్క అంకె పెరిగితే ఫెర్రిక్ ఇనుము కరగడం వెయ్యోవంతుకు పడిపోతుంది. 6 నుంచి 8కి పోతే పది లక్షల వంతు. మన ఎర్ర నేలలు చాలావరకు ఆమ్లం వైపో తటస్థంగానో ఉంటాయి గానీ మీ మడిలో పైపైన మాత్రం అలా లేదు. పొయ్యి బూడిద ఘాటైన క్షారం. బోరు నీటిలో బైకార్బొనేట్లు ఉన్నాయని ఆ తెల్ల పొరే చెబుతోంది. ప్రతి తడికీ అవి చేరుతూనే ఉన్నాయి.

ఇక గోగు సంగతి. మొక్కలు ఇనుము సంపాదించడానికి రెండు దారులున్నాయి. గోగు, వేరుశనగ, పెసర, మామిడి లాంటి ద్విదళ బీజాలది మొదటి దారి. ఇనుము చాలనప్పుడు వాటి వేరు మూడు పనులు చేస్తుంది. ప్రోటాన్లను బయటికి తోసి చుట్టూ మట్టిని పులియజేస్తుంది. వేరు పైపొర మీదున్న రిడక్టేజ్ ఎంజైమ్ ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా, అంటే నీటిలో కరిగే రూపంగా, మారుస్తుంది. ఆ ఫెర్రస్‌ను ఒక రవాణా ప్రోటీన్ లోపలికి లాగుతుంది. ఆరబిడాప్సిస్ అనే ఆవ కుటుంబపు చిన్న మొక్కలో ఈ రవాణా ప్రోటీన్‌ను, అంటే ఐ.ఆర్.టి.1ను, 1996లో గుర్తించారు. రిడక్టేజ్‌కు సంబంధించిన ఎఫ్.ఆర్.ఓ.2 జన్యువు 1999లో దొరికింది. ఈ ఐ.ఆర్.టి.1 మరీ అంత పట్టింపు ఉన్న తలుపు కాదు. జింకు, మాంగనీసు, కాడ్మియం కూడా దాని గుండా దూరిపోతాయి.

వరి, మొక్కజొన్న, జొన్న, చోడి లాంటి గడ్డి జాతిది రెండో దారి. ఇవి మట్టిని పులియజేయవు. వేరు నుంచి మ్యూజినిక్ ఆమ్లాల కుటుంబానికి చెందిన పదార్థాలను వదులుతాయి. వీటినే ఫైటోసిడరోఫోర్లు అంటారు. అవి మట్టిలో ఫెర్రిక్ ఇనుమును పీతకాలు పట్టినట్టు పట్టుకుంటాయి, వేరు ఆ జంటను జంటగానే లోపలికి తీసుకుంటుంది. వరి, ఓట్ వేళ్ళను కడిగిన నీటిలో ఇలా ఇనుమును కరిగించే పదార్థాలున్నాయని జపాన్ శాస్త్రవేత్త టకాగి 1976లో ప్రచురించారు. ఈ పనిలో బార్లీ బలమైనది, పొద్దు పొడిచాక కొన్ని గంటలపాటు కుమ్మరిస్తుంది. వరి వదిలేది డీఆక్సీ మ్యూజినిక్ ఆమ్లం ఒక్కటే, అదీ చాలా కొద్దిగా.

మరి ఇంత పిసినారి వేరుతో వరి ఎలా బతికింది? నీటిలో పెరిగిన పంట కనక. నీరు నిలిచిన మట్టిలో గాలి అయిపోగానే సూక్ష్మజీవులు ముందు నైట్రేటును, తరవాత మాంగనీసును, ఆ తరవాత ఫెర్రిక్ ఇనుమును వాడుకుని దాన్ని ఫెర్రస్‌గా మార్చేస్తాయి. గోగు వేరు సొంతంగా చేసుకునే పని వరికి బురద చేసిపెడుతుంది. వరి వేరులో ఫెర్రస్‌ను నేరుగా తీసుకునే తలుపు ఉంది. ఫెర్రిక్‌ను తానే మార్చుకునే రిడక్టేజ్ బలం మాత్రం లేదు. పొడి మడిలో బురద లేదు, కాబట్టి ఫెర్రస్ లేదు. మిగిలింది ఆ కాస్త మ్యూజినిక్ ఆమ్లం. మీ మడి మిట్ట వైపు తెల్లబడి బోదె అంచు పచ్చగా ఉండటానికి కారణం ఇదే, అక్కడ ఎప్పుడూ తడి ఉంటోంది.

డీఏపీ లెక్క కూడా చూసుకోండి. 5 సెంట్లకు భాస్వరం 1 కిలో చాలు, అంటే డీఏపీ 2.2 కిలోలు. మీరు వేసిన 5 కిలోల్లో 2.3 కిలోల భాస్వరం ఉంది. ఎక్కువైన ఫాస్ఫేటు మట్టిలోనూ, మొక్క లోపల కణాల గోడల దగ్గరా ఇనుమును పట్టి కూర్చుంటుంది. గాలి ఆడే మట్టిలో యూరియా నైట్రేటుగా మారిపోతుంది. నైట్రేటు తీసుకునే వేరు చుట్టూ ఉదజని సూచిక పెరుగుతుంది, అమ్మోనియం తీసుకుంటే తగ్గుతుంది. పైపాటుగా వేసేదేదో అమ్మోనియం సల్ఫేటు వేసి ఉంటే కొంత మేలు జరిగేది.

వేళ్ళ ఎరుపు గురించి: నీటి మడిలో అయితే వరి వేరు గాలి గొట్టాల గుండా ఆక్సిజన్ బయటికి వదిలి, చుట్టూ వచ్చిన ఫెర్రస్‌ను తుప్పుగా మార్చి ఒంటికి పూసుకుంటుంది. పొడి మడిలో అది పెద్దగా జరగదు. మీరు చూసింది ఎర్ర మట్టి అంటుకున్న రంగే అయి ఉండాలి. వేళ్ళను నీటిలో నానబెట్టి మెత్తగా తోమండి, తెల్లగా బయటపడతాయి.

పొడిమడి

తోమితే వేళ్ళు తెల్లగానే ఉన్నాయి. నిన్న సాయంత్రం చెరువు నీటితో కొట్టాం, ద్రావణం రంగు మారలేదు. కొట్టని గజం ఒక మూల ఉంచాం. ఇంకో మూడు సందేహాలు. ఒకటి, అన్నభేదిని ఇసుకలో కలిపి మడిలో చల్లితే పిచికారీ తప్పుతుందా? రెండు, కింది ఆకుల్లో ఉన్న ఇనుమును మొక్క కొత్త ఆకుకు ఎందుకు పంపదు, నత్రజనిని పంపుతుంది కదా? మూడు, మట్టి పరీక్షకు ఇప్పుడు పంపడం దండగా?

వేరుతంతు

చల్లవద్దు. పొడి ఎర్ర మట్టిలో పడ్డ అన్నభేది నాలుగు రోజుల్లో మళ్ళీ తుప్పే. ఇనుము నిండిన నేలకు ఇంకాస్త ఇనుము పోసినట్టు అవుతుంది, మొక్క దగ్గరికి వచ్చేది ఏమీ ఉండదు. చల్లే పద్ధతి పనిచేయాలంటే కుళ్ళిన పశువుల ఎరువులో కలిపి ముందే వేయాలి, ఇప్పుడు ఆ సమయం దాటిపోయింది.

రెండో ప్రశ్న బాగుంది. వేరు నుంచి ఆకు దాకా ఇనుము దారి మొత్తం చూస్తేనే అది అర్థమవుతుంది. ఇనుము ఏ దశలోనూ ఒంటరిగా తిరగదు. ఒంటరిగా ఉంటే రెండు ముప్పులు. తుప్పులా గడ్డకడుతుంది, లేదా ఆక్సిజన్‌తో కలిసి కణాన్ని కాల్చే పదార్థాలు పుట్టిస్తుంది. అందుకని ప్రతి మజిలీలో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించాలి.

వేరు పైపొరలోకి వచ్చాక ఇనుము కణం నుంచి కణానికి సందుల గుండా లోపలికి నడుస్తుంది. అక్కడ తోడు నికోటియానమైన్ అనే చిన్న అణువు. మెథియోనిన్ అమైనో ఆమ్లం నుంచి మొదలయ్యే వరసలో తయారవుతుంది. గడ్డి జాతిలో మ్యూజినిక్ ఆమ్లాలకు కూడా అదే ముడిసరుకు. అంతశ్చర్మం అనే లోపలి పొర దగ్గర నీరు దూరని కాస్పేరియన్ పట్టీలు అడ్డుగా ఉంటాయి కాబట్టి కణాల మధ్య ఖాళీల గుండా దొంగదారి లేదు. దాని లోపలి పొర, పరిచక్రం, దాటాక దారువులోకి (నీటిని పైకి మోసే నాళాల్లోకి) ఎక్కాలి. దారువు రసం కొద్దిగా ఆమ్లంగా ఉంటుంది, అక్కడ తోడు సిట్రేటు. ఆ సిట్రేటును దారువులోకి తోసే ప్రోటీన్ ఆరబిడాప్సిస్‌లో ఎఫ్.ఆర్.డి.3, వరిలో ఎఫ్.ఆర్.డి.ఎల్.1. ఎఫ్.ఆర్.డి.3 పాడైన మొక్కల్లో వేరు ప్రసరణ కణజాలం నిండా ఇనుము పేరుకుపోయి ఆకులు మాత్రం పాలిపోతాయి. మీరు మొదట అనుమానించిన ‘వేరు దాకా వచ్చి పైకి ఎక్కని’ రోగం అచ్చం అలాంటి మొక్కదే. మీ మడిలో కొరత అంతకు ముందే, మట్టి దగ్గరే మొదలైంది.

ఫెర్రిక్ సిట్రేటుగా ఎక్కిన ఇనుము ఆకులు ఆవిరి చేసే నీటి లాగుడుతో పైకి పోతుంది. ఇక్కడే ఒక చిక్కు. ఇంకా విచ్చుకోని సుడి ఆకు నీటిని పెద్దగా ఆవిరి చేయదు కాబట్టి దానికి దారువు సరఫరా తక్కువ. దాని వాటా ఎక్కువగా పోషక కణజాలం (ఆకుల్లో తయారైన ఆహారాన్ని మోసే నాళాలు) గుండా రావాలి. వరిలో కణుపుల దగ్గర దారువు నుంచి పోషక కణజాలంలోకి ఈ మార్పిడి జరుగుతుంది. పోషక కణజాలపు రసం క్షారం వైపు ఉంటుంది, అక్కడ సిట్రేటు పట్టు నిలవదు. మళ్ళీ నికోటియానమైన్, దాని బంధువులే తోడు.

ముదురు ఆకు ఎందుకు ఇవ్వదంటే, అక్కడి ఇనుము అప్పటికే పనిలో దిగిపోయింది. ఆకులోని ఇనుములో దాదాపు 80 శాతం హరితరేణువుల్లో ఉంటుంది. కాంతి పట్టే ఒక్కో ఫోటోసిస్టమ్-1లోనే 12 ఇనుము పరమాణువులు ఉంటాయి. ఆకు పండిపోతే తప్ప ఆ యంత్రాన్ని మొక్క విప్పదు. నత్రజనిని అయితే ప్రోటీన్లు కరిగించి అమైనో ఆమ్లాలుగా సులువుగా పంపేస్తుంది, అందుకే అది లోపిస్తే అడుగు ఆకు పసుపు. ఇనుము లోపిస్తే సుడి తెలుపు. పత్రహరితం నడిమధ్య ఉండేది మెగ్నీషియమే, ఇనుము కాదు. కానీ ఆ అణువును కట్టే ఎంజైమ్‌లలో ఒకటి ఇనుము లేనిదే నడవదు, కాబట్టి పత్రహరితం అసలు తయారే కాదు.

పిచికారీ నాలుగైదు రోజులకోసారి ఎందుకో ఇప్పుడు తేలికగా తెలుస్తుంది. ఆకుమడిలో కొత్త ఆకు సుమారుగా అదే ఎడంలో వస్తుంది. నిన్న తడిసిన ఆకు పచ్చబడుతుంది, దాని తరవాత వచ్చే ఆకుకు అందులోంచి పోయేది అంతంతమాత్రమే. ఒక్కసారి కొట్టి మానేస్తే పచ్చ ఆకు మీద మళ్ళీ తెల్ల ఆకు వస్తుంది, మందు పనిచేయలేదని అనుకుంటారు.

మిట్టపొలం

మూడో దానికి నేను చెబుతా. మట్టి పరీక్ష ఈ ఆకును కాపాడదు, వచ్చే ఏడు మడికి పనికొస్తుంది. 15 సెం.మీ. లోతు మట్టి తీయండి, తుప్పు పట్టిన గునపంతో మాత్రం వద్దు. డీటీపీఏ పద్ధతిలో (మొక్కకు అందే ఇనుమును అంచనా వేసే పరీక్ష) 4 నుంచి 4.5 పీపీఎం (పది లక్షల్లో వంతులు) కంటే తక్కువ వస్తే లోపం అంటారు. ఎర్ర నేలలో అంతకంటే ఎక్కువే రావచ్చు, అప్పుడు ‘లోపం లేదు’ అని కాగితం మీద రాసి ఇస్తారు. మడిలో పోసిన బూడిద, మడి పొడిగా ఉండటం, బోరు నీరు ఆ అంకెలో కనిపించవు. అందుకే ఉదజని సూచిక కూడా చూడమనండి, బోరు నీటి నమూనా కూడా ఇవ్వండి.

ఆకు పరీక్ష చేయించేవాళ్ళు ఇంకో పొరపాటు చేస్తారు. మన దగ్గర ఆకు మీద ఎర్ర దుమ్ము ఉంటుంది. సరిగ్గా కడగకుండా ఇస్తే దుమ్ములోని ఇనుము ఆకు లెక్కలో చేరిపోయి తెల్ల ఆకులో కూడా బోలెడు ఇనుము ఉన్నట్టు వస్తుంది. బాగా కడిగినా మొత్తం ఇనుము అంకె ఒక్కోసారి మోసం చేస్తుంది, లోపల గడ్డకట్టి పనికిరాకుండా ఉన్నది కూడా అందులో పడుతుంది. పచ్చి ఆకు ముక్కలను ఆర్థోఫినాంత్రోలిన్ ద్రావణంలో నానబెట్టి ఫెర్రస్ ఇనుమును మాత్రమే కొలిచే పద్ధతి దానికంటే నమ్మదగ్గది.

తోటపల్లి కాలువ

ఒక హెచ్చరిక. ఇదే ఎర్ర మట్టి పల్లంలో నీరు నిలిస్తే కథ తిరగబడుతుంది. మెట్ట నుంచి ఊట దిగే పల్లపు మడుల్లో ఫెర్రస్ మరీ ఎక్కువై వరి దాన్ని ఆపలేక పోతుంది. అడుగు ఆకుల కొసల నుంచి సన్నటి గోధుమ చుక్కలు మొదలై ఆకంతా కంచు రంగు తిరుగుతుంది, వేళ్ళు ముదురు తుప్పు పూతతో మొద్దుబారతాయి. అక్కడ అన్నభేది కొడితే పుండు మీద కారం. నీరు తీసేసి మడి ఆరగట్టాలి, పొటాష్ తగ్గించకూడదు. లక్షణం ఏ ఆకులో మొదలైందో చూస్తే రెండూ కలగాపులగం కావు. లేత ఆకు తెలుపు అయితే లోపం, ముదురు ఆకు చుక్కలు అయితే ఎక్కువ.

పొడిమడి

5వ రోజు. కొట్టిన చోట సుడి ఆకు పచ్చబడింది, కొట్టని గజం తెల్లగానే ఉంది. రెండోసారి కొట్టాం. ఈ ఆకును ఉభాలకు వాడొచ్చా? దమ్ములో కూడా పిచికారీ కావాలా?

మిట్టపొలం

వాడొచ్చు. ఇప్పటి నుంచి మడిని తడి ఆరనివ్వకండి, నీరు వీలైతే పలచగా నిలవ కట్టండి. బూడిద, డీఏపీ ఇక వద్దు. తెల్లగా ఉండగా తీసిన ఆకు దమ్ములో నిలదొక్కుకోదు, సుడి పచ్చబడ్డాకే ఆకుతీత పెట్టుకోండి. రెండు మూడు రోజులు ఆలస్యమైనా నష్టం లేదు. కొట్టని గజంలోని ఆకు వేరుగా ఉంచండి, మిగతా దానితో కలిపి కట్టలు కట్టొద్దు. దమ్ము చేసి నీరు పెట్టిన పొలంలో వారం పది రోజుల్లో ఫెర్రస్ తయారవుతుంది కాబట్టి అక్కడ పిచికారీ అక్కర్లేదు. పొలంలో కొంత భాగం ఎద జల్లి (నాటకుండా విత్తనాన్ని నేరుగా చల్లి) ఉంటే మాత్రం నీరు నిలిచేదాకా దాని సుడి మీద కన్నేసి ఉంచండి.